ఓటు ఈడ, గుండెదడ ఆడ

2024 జూన్ 4, మంగళవారం. తిరుత్తణి మురుగన్‌కు మంగళవారం ప్రత్యేకం కాబట్టి చెన్నై వైపు నుంచి వచ్చే కార్లు తెల్లవారినప్పటి నుంచీ కనకమ్మ సత్రం దాటుకుని పోతూనే ఉన్నాయి. రోడ్డు పక్క టీకొట్టులో మాత్రం ఆ రోజు ఏ దేవుడూ ఎవరికీ గుర్తున్నట్టు లేదు. ఏడున్నరకే బెంచీలు నిండిపోయాయి. గోడకు ఎత్తుగా బిగించిన టీవీ, దాని కింద బాయిలరు, బాయిలరు పక్కన ప్లాస్టిక్ కవరు తొడిగి రబ్బరు బ్యాండు వేసిన రిమోటు. ఆ పూటకు ఆ రిమోటు ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే ఎన్నికల కమిషన్.

టీ మాస్టరు అలవాటుగా తమిళ చానెల్ పెట్టాడు. అయిదు నిమిషాలైనా గడవకముందే పంచె ఎగ్గట్టిన పెద్దాయన ఒకరు కదిలారు.

“రేయ్, ఈడ జూసేదానికి ఏముండాది? నగిరి పెట్టు.”

నగరి అనే పేరుతో చానెల్ లేదు. అది పక్క రాష్ట్రంలోని నియోజకవర్గం. అయినా మాస్టరుకు అర్థమైంది. తెలుగు చానెల్ వచ్చింది, బెంచీలు కాస్త ముందుకు జరిగాయి.

ఆ బెంచీల మీద కూర్చున్నవాళ్ళలో ఒక్కరికీ నగరిలో ఓటు లేదు. వాళ్ళ ఓట్లు తమిళనాడులో, అవి కూడా రెండు మూటలుగా ఉన్నాయి. సత్రం తిరువళ్ళూరుకూ తిరుత్తణికీ నడుమ రోడ్డు మీది ఊరు. తిరుత్తణి శాసనసభ స్థానం జిల్లా లెక్కన తిరువళ్ళూరుది, పార్లమెంటు లెక్కన అరక్కోణానిది. పక్కనే ఉన్న తిరువళ్ళూరు శాసనసభ స్థానం తిరువళ్ళూరు లోక్‌సభలోది. కాబట్టి ఒకే బెంచీ మీద ఒకే పేపరు ముక్కలో బోండా పంచుకుంటున్న ఇద్దరికి ఇద్దరు వేరు వేరు ఎంపీలు ఉండవచ్చు. ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు. మాటంతా రోజా గురించే.

రోజా అంటే సరిహద్దుకు రెండు వైపులా తెలిసిన మొహం. 1992లో తమిళ తెర మీదికి వచ్చిన నటి, తమిళ దర్శకుడు సెల్వమణి భార్య, అప్పటికి ఆంధ్రప్రదేశ్ పర్యాటక మంత్రి. నగరిలో 2014లో 858 ఓట్లతో గెలిచారు, 2019లో 2,708 ఓట్లతో గెలిచారు. రెండుసార్లూ తాడు మీద నడిచినట్టు గట్టెక్కిన సీటు కాబట్టి మూడోసారి తాడు తెగుతుందా లేదా అన్నది చూడాలని చుట్టుపక్కల అందరికీ సరదా. ఎదుట నిలబడ్డది గాలి ముద్దుకృష్ణమ నాయుడి కొడుకు గాలి భానుప్రకాశ్. సొంత ఊళ్ళో ఎవరు నిలబడ్డారో నిదానంగా గుర్తుచేసుకోవాల్సిన మనిషి కూడా ఈ తండ్రీకొడుకుల వంశవృక్షం గుక్క తిప్పుకోకుండా చెప్పగలడు.

ఇందులో తప్పు మనిషిది కాదు, మ్యాపుది. అప్పటిదాకా చిత్తూరు జిల్లాలో ఉన్న తిరుత్తణి, 1953లో ఆంధ్ర రాష్ట్రం పుట్టినప్పుడు అటే పోయింది. తిరుత్తణి తమిళులకే కావాలని మ.పొ. శివజ్ఞానం ఉద్యమం నడిపారు, పటాస్కర్ మధ్యవర్తిగా వచ్చారు, 1959లో పార్లమెంటు చట్టం చేసింది, 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలో కలిసింది. బదులుగా తిరువళ్ళూరు, పొన్నేరి తాలూకాల్లో కొన్ని ఊళ్ళు ఆంధ్రకు వచ్చాయి. గీత జరిగింది గానీ నాలుక జరగలేదు. పళ్ళిపట్టులో, ఆర్.కె. పేటలో, పొదటూరుపేటలో మరమగ్గాల చప్పుడు మధ్య ఇప్పటికీ తెలుగే వినబడుతుంది. ఓటరు జాబితా ఒక రాష్ట్రంలో, వియ్యంకులు ఇంకో రాష్ట్రంలో. ఇక గుండె ఎటు కొట్టుకోవాలో ఏ కమిటీ తేల్చలేదు.

నిజానికి ఈ నేలకు ఓట్ల లెక్కింపుతో పెద్ద అవసరం పడకుండా గడిచిన రోజులూ ఉన్నాయి. తిరుత్తణి పేరు దేశమంతా తెలిసేలా చేసిన సర్వేపల్లి రాధాకృష్ణన్ 1952లో ఉపరాష్ట్రపతి అయ్యింది ఏకగ్రీవంగా, 1957లో మళ్ళీ అయ్యిందీ ఏకగ్రీవంగానే. పోటీ లేదు, రౌండ్లు లేవు, వెనుకంజ లేదు. అప్పట్లో వార్తా చానెళ్ళు ఉండి ఉంటే ఆ రెండు రోజులూ ప్రకటనలు వేసుకుని బతకాల్సి వచ్చేది.

ఇప్పుడు సంగతి వేరు. తమిళనాడు ఓటేసింది ఏప్రిల్ 19న. ఫలితం జూన్ 4న. నడుమ 46 రోజులు. ఓటేసిన రోజు గోరు మొదట్లో పెట్టిన మైసూరు సిరా గోరుతోపాటు పైకి జరుగుతూ, ఫలితాల నాటికి నడిమికి వచ్చి నిలబడింది. ఓటేశాక వీవీప్యాట్ గాజులోంచి చీటీ కనబడేది ఏడంటే ఏడు సెకన్లు. ఆ ఏడు సెకన్ల ముచ్చట ఏమైందో తెలుసుకోవడానికి నెలన్నర. ఈలోగా కూతురిని నగరిలో ఇచ్చిన మామకు మే 13న అల్లుడింట్లో కూడా సిరా వేలు కనబడింది. ఆయనకు అసలు ఎన్నికలు అప్పుడే మొదలయ్యాయి.

జూన్ 1 సాయంత్రం ఎగ్జిట్ పోల్స్ వచ్చాయి. ఎన్డీయేకు 361 నుంచి 401 అని ఒక సంస్థ, 400కు అటూ ఇటూ అని ఇంకో సంస్థ. ఆంధ్రప్రదేశ్‌లో ఆరా సర్వే వైకాపాకు 94 నుంచి 104 ఇచ్చింది, కేకే సర్వే తెలుగుదేశం కూటమికి 161 ఇచ్చింది. ఏ సర్వే నిజమన్నది టీకొట్టులో చాలా సులువుగా తేలిపోయింది. ఎవరికి ఏది నచ్చిందో వాళ్ళకు అది నిజం. మూడు రోజులు అందరూ గెలిచే ఉన్నారు. ఓటరుకు ఇంత సుఖం ఇచ్చే మూడు రోజులు రాజ్యాంగంలో మరెక్కడా లేవు.

ఎనిమిది కొట్టింది. ముందు పోస్టల్ బ్యాలట్లు, అరగంట తర్వాత యంత్రాలు అని నియమం. ఒక్కో శాసనసభ సెగ్మెంటుకు మామూలుగా 14 బల్లలు, 14 యంత్రాల లెక్క పూర్తయితే ఒక రౌండు. అధికారి కవరు చింపి, సంతకం చూసి, ఏజెంట్లకు చూపించి, కట్ట కట్టేసరికి ఎంతసేపు పడుతుందో ఎప్పుడైనా లోపల కూర్చున్నవాళ్ళకు తెలుసు. టీవీకి అంత ఓపిక లేదు. ఎనిమిదీ అయిదుకే తెర నాలుగు ముక్కలై, ప్రతి ముక్కలో అంకెలు గెంతుతున్నాయి. ఇంకా చింపని కవర్లలోని ఓట్లతో ఆధిక్యం ఎలా వచ్చిందని ఎవరూ అడగలేదు. అడిగేవాడు ఆ రోజు టీకొట్టుకు రాడు, పొలానికి పోతాడు.

మాట ఒక్కటే గానీ దానికి వేషాలు చాలా. తమిళ యాంకరు ‘మున్నిలై’ అంటాడు, ‘పిన్నడైవు’ అంటాడు. తెలుగు యాంకరు ‘ముందంజ’, ‘వెనుకంజ’ అంటుంది. బెంచీ మీది తెలుగు ఈ రెండింటినీ పక్కన పెట్టి “ఎంత ఎక్కువలో ఉండాడు?” అని అడుగుతుంది. ముగ్గురూ చెప్పేది గెలుపు గురించి అనుకుంటే పొరబాటే. సత్రంలో బాటసారి రాత్రికి తలదాచుకుని తెల్లారి వెళ్ళిపోయినట్టు, మొదటి రౌండు ఆధిక్యం కూడా కాసేపు ఉండి పోవచ్చు. ఆ పొద్దున వారణాసిలో సాక్షాత్తూ ప్రధాని 6,223 ఓట్లు వెనకబడినట్టు ఎన్నికల కమిషన్ ట్రెండ్ చూపించింది. టీకొట్టులో ఒకరు గ్లాసు కింద పెట్టేశారు, ఇంకొకరు రెండో టీ చెప్పారు. సాయంత్రానికి అదే ప్రధాని అక్కడ 1,52,513 ఓట్లతో గెలిచారు. ధర్మపురిలో పాట్టాళి మక్కళ్ కట్చి అభ్యర్థి సౌమ్యా అన్బుమణి మొదట్లో ముందు నడిచి, చివరకు 21 వేల పైచిలుకు ఓట్లతో ఓడారు. ఆమె గెలిచిందని మధ్యలో ఇళ్ళకు ఫోన్లు చేసినవాళ్ళు సాయంత్రం మళ్ళీ చేయలేదు.

తొమ్మిదిన్నరకు రిమోటు చేతులు మారింది. తిరువళ్ళూరు బస్సు కోసం నిలబడ్డ కాలేజీ కుర్రాడు ఒకడు తమిళ చానెల్ పెట్టమన్నాడు.

“అన్నా, ఒక్క నిమిషం మన ఊరిది జూస్తాం.”

“మన ఊరిది జూసేదేముండాది రా? నలభైకి నలభై.”

పెద్దాయన మాట నిజమే అయింది. తమిళనాడులో 39, పుదుచ్చేరిలో ఒకటి, మొత్తం 40 డీఎంకే కూటమికే పోయాయి. విరుదునగర్‌లో 4,379 ఓట్ల తేడా మినహా టీవీ వాళ్ళకు పెద్దగా పట్టుకు వేలాడటానికి ఏమీ మిగలలేదు. అదే విరుదునగర్ శాసనసభ స్థానంలో 1967లో కామరాజ్ అంతటి మనిషి ఒక విద్యార్థి నాయకుడి చేతిలో 1,285 ఓట్లతో ఓడిపోయారు. తమిళనాడు కూడా ఒకప్పుడు గుండెదడ పుట్టించగలిగిన రాష్ట్రమే. ఈసారి మాత్రం అన్ని సీట్లూ ఒకే పక్క ఒరిగితే ఉత్కంఠ ఎక్కణ్ణించి వస్తుంది? ఉత్కంఠ లేనప్పుడు ప్రజాస్వామ్యం ఉన్నా టీకొట్టుకు లేనట్టే. కుర్రాడి నిమిషం నలభై సెకన్లకే ముగిసింది.

నగరి వచ్చింది. రౌండు తర్వాత రౌండు భానుప్రకాశ్ ముందుకు పోతూనే ఉన్నారు. 858తో, 2,708తో నిలబడ్డ కోట ఈసారి 45 వేలకు పైగా ఓట్లతో కూలింది. మధ్యాహ్నానికి ఆంధ్రప్రదేశ్ లెక్క మొత్తం అదే దోవ పట్టింది. 175 స్థానాల్లో కూటమికి 164. అందులో తెలుగుదేశానికి 135, జనసేనకు 21, భాజపాకు 8. “వై నాట్ 175?” అని అడిగిన వైకాపాకు ఓటరు 11 అని జవాబు రాసి పంపాడు. 2019లో 151 వచ్చిన పార్టీకి నడిమి అయిదు జారిపోయిందనే జోకు సాయంత్రంలోపు సత్రం దాకా చేరింది. 161 చెప్పిన సర్వే దగ్గరగా కొట్టింది, 94 చెప్పిన సర్వే మాట ఎవరూ ఎత్తలేదు. ఢిల్లీలోనూ అంతే కథ. 400 అన్నది 293 దగ్గర ఆగింది, భాజపా ఒంటరిగా 240 దగ్గర. ఎగ్జిట్ పోల్ సంస్థ అధిపతి ఒకరు కెమెరా ముందు కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. పిఠాపురంలో పవన్ కల్యాణ్ గెలిస్తే పేరు మార్చుకుంటానన్న ముద్రగడ పద్మనాభం మాట మీద నిలబడి, నెల తిరక్కముందే పద్మనాభరెడ్డి అయ్యారు. ఎన్నికల్లో ఇచ్చిన హామీ ఇంత త్వరగా నెరవేరడం ఈ మధ్య కాలంలో అరుదు.

యంత్రం మాట కూడా వచ్చింది, రాకుండా ఉంటుందా. 2019లో చంద్రబాబు ముందుండి 21 ప్రతిపక్ష పార్టీల నాయకులతో సుప్రీంకోర్టుకు పోతే, సెగ్మెంటుకు ఒక బూతు కాదు, అయిదు బూతుల వీవీప్యాట్ చీటీలు లెక్కించమని కోర్టు చెప్పింది. ఆ ఎన్నికల్లో ఆయన ఓడారు. 2024లో ఆయన గెలిచారు, రెండు వారాలకల్లా కాగితపు బ్యాలట్లే మేలని ఓడిన జగన్ అన్నారు. యంత్రం అదే. అనుమానం మాత్రం ఎప్పుడూ ఓడినవాళ్ళ ఇంట్లోనే అద్దెకు ఉంటోంది, అయిదేళ్ళకోసారి ఇల్లు మారుతోంది.

కాగితం రోజులు అంత తేలికగా ఏమీ లేవు. 1996లో నల్లగొండ లోక్‌సభకు 480 మంది, అదే ఏడు తమిళనాడులోని మొడకురిచ్చి శాసనసభ స్థానానికి 1,033 మంది నిలబడితే బ్యాలట్ కాగితం పుస్తకమైంది. అప్పట్లో లెక్కింపు రాత్రీ పగలూ సాగేది. అసలైన ఫలితాల రాత్రి అంటే పాత తరం 1977 మార్చి గురించే చెబుతుంది. ట్రాన్సిస్టరు చెవికి ఆనించుకుని కూర్చుంటే, రాయబరేలీలో ఇందిరాగాంధీ 55,202 ఓట్ల తేడాతో ఓడారన్న వార్త. ఉత్తరాదిలో కాంగ్రెస్ కొట్టుకుపోయింది. ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం 42కు 41 కాంగ్రెస్‌వే. మిగిలిన ఒక్క నంద్యాలలో జనతా తరఫున గెలిచిన నీలం సంజీవరెడ్డి ముందు స్పీకరై, ఆ ఏడే రాష్ట్రపతి అయ్యారు. అదీ ఏకగ్రీవంగానే. ఆ రాత్రి రేడియోకు ఒక్కటే బుల్లెటిను, ఊరంతటికీ ఒక్కటే నిజం. ఇప్పుడు బెంచీకి పన్నెండు ఫోన్లు, ఫోనుకొక నిజం.

ఫోను అంటే గుర్తొచ్చింది. గోడ పక్క కూర్చున్న మరమగ్గం కుర్రాడు పొద్దున్నుంచీ టీవీ వైపు చూడలేదు. వాడి తెర మీద ఎర్రగీత ఒకటి కిందికి కిందికి పోతోంది. ఎగ్జిట్ పోల్స్ చూసి జూన్ 3న సెన్సెక్స్ 2,500 పాయింట్లు ఎగిరింది, జూన్ 4న దాదాపు 4,390 పాయింట్లు పడింది. దేశంలో ఎవరు ఓడినా గెలిచినా, సర్వేను నమ్మి సోమవారం కొన్నవాడు మంగళవారం ఓడాడు. వాడి ఓటమికి ఏ చానెలూ లైవ్ పెట్టలేదు.

ఆ మాటకొస్తే మన దేశంలో ఎన్నికల ఫలితాలు పగటి కార్యక్రమం. రాత్రంతా మేలుకుని చూసేది అమెరికాలో మనవాళ్ళు. ఇక్కడ పొద్దున ఎనిమిదైతే న్యూజెర్సీలో జూన్ 3 రాత్రి పదిన్నర, డల్లాస్‌లో తొమ్మిదిన్నర. వాళ్ళలో భారత పౌరసత్వం ఉన్నవాళ్ళు కూడా ఓటేయాలంటే విమానమెక్కి సొంత బూతుకు రావలసిందే. వచ్చినవాళ్ళు వచ్చారు, రానివాళ్ళు టీవీ ముందు తెల్లవార్లూ కూర్చుని రాయలసీమను, కోస్తాను గెలిపించుకున్నారు, ఓడించుకున్నారు. తెల్లారి ఆఫీసుకు ఎర్రకళ్ళతో పోయారు. ఆ లెక్కన సత్రం టీకొట్టు కూడా ఒక చిన్న డల్లాసే. తేడా ఏమిటంటే డల్లాస్ నుంచి నగరికి రెండు విమానాలు మారాలి, ఇక్కణ్ణించి తిరుత్తణి దాటితే చాలు.

సాయంత్రం నగరి వీధుల్లో టపాసులు తెర మీద కనబడ్డాయి. పెద్దాయన లేచి పంచె దులుపుకున్నారు. టీలు పదకొండు అయ్యాయని మాస్టరు లెక్క, తొమ్మిదేనని ఆయన లెక్క. రీకౌంటింగ్ జరిగింది. గ్లాసులు బాయిలరు పక్కన బోర్లించి ఉన్నాయి గానీ ఏ గ్లాసు ఎవరిదో చెప్పే చీటీ ఏదీ లేదు. పది టీలకు రాజీ కుదిరింది. అదే సమయంలో ముంబయి వాయవ్య నియోజకవర్గంలోనూ లెక్క తెగలేదు, చివరకు శివసేన అభ్యర్థి 48 ఓట్లతో బయటపడ్డారు. మహారాష్ట్రలోని బీడ్ ఫలితం మర్నాటి దాకా తేలలేదు, అక్కడ తేడా 6,553. సూరత్ ఒక్కటే ఈ గోల ఏదీ లేకుండా 43 రోజుల ముందే ఏకగ్రీవంగా ముగిసింది. మిగిలిన 542లో ప్రతి చోటా ఎవరో ఒకరు టీ తాగుతూ లెక్కలు వేశారు.

టీవీ కట్టేసే ముందు కాలేజీ కుర్రాడు మళ్ళీ వచ్చాడు, తిరువళ్ళూరు నుంచి తిరుగు బస్సు దిగి.

“తాతా, మన ఎంపీ ఎవురంటా?”

“పేపర్లో వస్తాది లే.”

మర్నాడు పేపర్లో వచ్చింది. అరక్కోణంలో డీఎంకే అభ్యర్థి ఎస్. జగత్‌రక్షకన్ 3,06,559 ఓట్ల ఆధిక్యంతో గెలిచారు. 2009లో, 2019లో ఇక్కడి నుంచే గెలిచినాయనే. తిరువళ్ళూరులో ఐఏఎస్ ఉద్యోగం వదిలి రాజకీయాల్లోకి వచ్చిన కాంగ్రెస్ అభ్యర్థి శశికాంత్ సెంథిల్ 5,72,155 ఓట్ల ఆధిక్యంతో గెలిచారు. ఆ ఎన్నికల్లో తమిళనాడు మొత్తం మీద అన్నిటికంటే పెద్ద ఆధిక్యం అదే. ఆ పేజీలో బోండాలు చుట్టి ఇచ్చేటప్పటికి పెద్దాయన తన కొత్త లెక్క మొదలుపెట్టారు: చంద్రబాబు మంత్రివర్గంలో నగరికి ఏమన్నా దక్కుతుందా అని.